లంచం ఇవ్వకుండా తహసీల్దారు ఆఫీసులో పని జరుగుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారు పోయారు. ఆయన పేరు మీదున్న రెండెకరాల పైచిలుకు పొలాన్ని అమ్మ పేరుకూ మీ అన్నదమ్ముల పేర్లకూ మార్చమని మ్యుటేషన్ అర్జీ పెట్టారు. నెలలు గడిచాయి. ఒకసారి సర్వర్ లేదన్నారు, ఒకసారి సార్ క్యాంపులో ఉన్నారన్నారు. చివరికి ఆఫీసు బయట తిరిగే ఒకాయన వచ్చి "ఇరవై వేలు అనుకోండి, వారంలో అయిపోతుంది" అన్నాడు. ఇచ్చేసి వదిలించుకోవాలా, ఏసీబీకి (అవినీతి నిరోధక శాఖకు) పోతే పొలం పని శాశ్వతంగా ఆగిపోతుందా, అసలు ఆఫీసుల్లో అందరూ ఇంతేనా అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఆంధ్రప్రదేశ్ రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. మొదటి ప్రశ్నకు నా జవాబు, ఇవ్వొద్దు. నీతి కోసం మాత్రమే కాదు, మీ పని కోసం కూడా ఇవ్వొద్దు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కాగితం ఎక్కడ ఆగుతుందో మీకు తెలియాలి.

మీరు మీసేవలోనో గ్రామ సచివాలయంలోనో పెట్టిన అర్జీ గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) లాగిన్‌కు వెళ్తుంది. ఆయన ఊళ్లో విచారించి, వారసులెవరో, పొలం ఎవరి అనుభవంలో ఉందో రాసి పైకి పంపాలి. అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు వేయాలి. తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ), డిప్యూటీ తహసీల్దారు (డీటీ) చూస్తారు, చివర తహసీల్దారు డిజిటల్ సంతకం పెడతారు. వివాదం లేని వారసత్వ మ్యుటేషన్‌లో నిజంగా శ్రమ పడాల్సింది మొదటి మెట్టు దగ్గరే. మిగతావన్నీ కాగితాలు సరిచూసే పనులు. రసీదు మీద గడువు కూడా వేసి ఇస్తారు.

మరి ఎందుకు ఆగుతుంది? డబ్బు ఆశించేవాడు మీ అర్జీని ఆమోదించడు, తిరస్కరించడు కూడా. తిరస్కరిస్తే కారణం రాయాలి. కారణం రాస్తే మీ చేతికి ఒక ఉత్తర్వు వస్తుంది. భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం, 1971 కింద దాని మీద అరవై రోజుల్లోపు రెవెన్యూ డివిజన్ అధికారికి (ఆర్డీవోకు) అప్పీలు చేసుకోవచ్చు, ఆ పైన కలెక్టరు స్థాయిలో రివిజన్ ఉంది. అప్పీల్లో ఆ కారణం నిలబడకపోతే రాసినవాడే సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే ఏమీ రాయడు. "చూద్దాం", "రేపు రండి", "సార్‌తో మాట్లాడండి" అని నోటితోనే తిప్పుకుంటాడు. నా సర్వీసులో నేను చూసిన ప్రతి లంచం వెనకా ఈ నోటిమాటే ఉంది. అందుకని మీరు చేయాల్సిన పని ఒక్కటే, ఆ మాటను కాగితం మీదకు రప్పించడం. మీకు అనుకూలంగా రాసినా వ్యతిరేకంగా రాసినా సరే. మీ బోటి వాళ్లకు తిరస్కరణ కంటే పెండింగే ఎక్కువ చెరుపు.

ఈ మధ్య ఇంకో పద్ధతి మొదలైంది. గడువు దాటితే పైవాళ్ల డ్యాష్‌బోర్డులో ఎర్రగా కనబడుతుందని, చివరి రోజున "పత్రాలు జతపరచలేదు" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపుతారు. మళ్లీ ఫీజు కట్టి మళ్లీ పెట్టుకోమంటారు. చాలామంది అలాగే చేస్తారు, గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మీకు అలా జరిగితే వెంటనే కొత్త అర్జీ పెట్టకండి. ఏ పత్రం లేదో పేరుతో సహా ఎండార్స్‌మెంట్ (ఆఫీసు రాసిచ్చే జవాబు) ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆఫీసు చెప్పే ప్రతి అభ్యంతరమూ డబ్బు కోసం వేసిన కొర్రీ కాదు. మీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా? మీ ప్రశ్నలో అమ్మ పేరు, అన్నదమ్ముల పేర్లే ఉన్నాయి. వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు సమాన వాటాలుంటాయి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే అలా ఉంది. పిత్రార్జితంలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు దేశమంతటికీ 2005లో వచ్చింది కానీ, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు 1986 నాటి సవరణతోనే వచ్చింది. అయినా "ఆడపిల్లలకు కట్నమిచ్చి పంపేశాం కదా" అని వాళ్ల పేర్లు లేకుండా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇమ్మని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ సంతకాలు లేవని వీఆర్వో ఆపితే అది ఆయన తప్పు కాదు, ఆయన బాధ్యత. బ్రోకరు దూరేది కూడా సరిగ్గా ఇలాంటి సందు చూసుకునే. అర్జీలో లోపం ఉన్నవాడు ధైర్యంగా నిలబడి అడగలేడని అతనికి తెలుసు. కాబట్టి ముందు మీ కాగితాలు శుభ్రంగా పెట్టుకోండి. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పాత పాసు పుస్తకం, 1-బి (భూమి హక్కుల రికార్డు) నకలు, అడంగల్ (సాగు వివరాల రికార్డు), వారసులందరి ఆధార్ కార్డులు. ఒక్కో కాగితంలో పేరు ఒక్కోలా ఉంటే దానికి వివరణ.

ఇక కాగితం మీదకు రప్పించడం ఎలాగో చెప్తాను. తహసీల్దారు పేర ఒక పేజీ ఉత్తరం రాయండి. ఫలానా తేదీన ఫలానా నంబరుతో అర్జీ పెట్టాను, గడువు ఫలానా రోజున ముగిసింది, పరిష్కరించండి లేదా కారణం తెలుపుతూ ఎండార్స్‌మెంట్ ఇవ్వండి, ఇంతే. అందులో కోపం వద్దు, లంచం మాట వద్దు. దాన్ని తపాలు తీసుకునే గుమాస్తాకు ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, సంతకం, ఆఫీసు ముద్ర వేయించుకోండి. వేయనంటే రసీదుతో స్పీడ్ పోస్టులో పంపండి. చిన్న పనిలా కనబడుతుంది కానీ, ఆఫీసులో ఆ ముద్ర పడిన కాగితానికీ పడని కాగితానికీ చాలా తేడా ఉంది. ముద్ర పడితే అది రిజిస్టరులోకి ఎక్కుతుంది, ఎవరో ఒకరి బాధ్యత అవుతుంది.

రెండు వారాలు చూసి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసులకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. ఇక్కడ చాలామంది "నా పని ఎందుకు చేయలేదు?" అని రాస్తారు. అది ప్రశ్న, సమాచారం కాదు అని తిప్పి కొట్టేస్తారు. ఇలా అడగండి: "నా ఫలానా నంబరు అర్జీ ఏ తేదీన ఏ ఉద్యోగి వద్దకు వెళ్లింది, ఆయన హోదా, ఆయన దానిపై రాసిన రిమార్కుల నకళ్లు, ఈ సేవకు నిర్ణయించిన గడువు, గడువు దాటాక నా అర్జీ కన్నా వెనక వచ్చి ముందు పరిష్కారమైన మ్యుటేషన్ అర్జీల జాబితా, సంబంధిత గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో నా అర్జీ నమోదైన పేజీ నకలు ఇవ్వగలరు." చివరి రెండూ చాలా ముఖ్యం. పర్సనల్ రిజిస్టరులో కాగితం వచ్చిన తేదీ, దానిమీద ఏం చేశారన్నది రాయాలి. వరస తప్పించి ఎవరి పని చేశారో జాబితాలో బయటపడుతుంది. నాకు తెలిసి చాలా ఫైళ్లకు జవాబు రాసే అవసరమే రాలేదు. ఇలాంటి దరఖాస్తు అందగానే పనే అయిపోయేది.

జవాబుకు గడువు ముప్ఫై రోజులు. ఇవ్వకపోతే నిరాకరించినట్టే లెక్క. మరో ముప్ఫై రోజుల్లో అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత తొంభై రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా ఆలస్యం చేసిన సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేయొచ్చు. అది ఆఫీసు నిధుల నుంచి కాదు, ఆయన జేబులోంచే పోతుంది. కమిషన్ దాకా వెళ్తే ఆలస్యమవుతుందన్నది నిజమే. కానీ మొదటి అప్పీలు వేసినా ఆఫీసులో మాట తీరు మారుతుంది.

దీంతోపాటు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో (ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమంలో) ఫిర్యాదు ఇవ్వండి. తెలంగాణలో ఉన్నవాళ్లకు దాని పేరు ప్రజావాణి. అక్కడ మీ మొర వినేది ఒక్క నిమిషమే. అందుకే ఈ కాపీలన్నీ వరసగా పిన్ను చేసి తీసుకెళ్లాలి. చేతిలో ముద్ర పడిన కాగితం ఉన్నవాడిని, లేనివాడిని కలెక్టరు ఒకేలా చూడలేరు. అయితే ఆ ఫిర్యాదు తిరిగి అదే తహసీల్దారు లాగిన్‌కు వచ్చి, "అర్జీదారుతో మాట్లాడి పరిష్కరించడమైనది" అని మూసేస్తారు. అలా మూసేశారని మెసేజ్ వస్తే ఊరుకోకండి, మళ్లీ తెరిపించండి. పని కాకుండానే అయిందని రాయడం నా దృష్టిలో లంచం కన్నా తక్కువ నేరమేమీ కాదు. ప్రభుత్వం తనకు తానే అబద్ధం చెప్పుకున్నట్టు అది. పైనున్న మంత్రికి కనబడే తొంభై శాతం పరిష్కారాల పట్టికలన్నీ ఇలాంటి వాక్యాలతోనే కట్టారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఏసీబీ సంగతి. మీరు భయపడుతున్నారు, ఆ భయం సహజమే. చట్టం ఏం చెబుతోందో ముందు చూడండి. అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018 జులైలో దాన్ని బాగా సవరించారు. ఇప్పుడు లంచం ఇవ్వడం కూడా నేరమే. కానీ బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవాడు ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెబితే అతని మీద కేసు ఉండదు. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్లు పట్టుకోవడం కోసం ఇచ్చినా నేరం కాదు. అంటే ఇరవై వేలు ఇచ్చేసి మూడు నెలల తర్వాత పని కాలేదని బాధపడితే, అప్పుడు ఫిర్యాదు చేయడానికి మీకే చిక్కు. ఇవ్వొద్దని మొదట్లో అన్నది ఇందుకే. అధికారికి మూడు నుంచి ఏడేళ్ల జైలు. బయట నిలబడి బేరమాడే మధ్యవర్తికి కూడా, అధికారిని ప్రభావితం చేస్తానని డబ్బు అడిగితే, అంతే శిక్ష పడేలా 7-ఎ సెక్షన్ పెట్టారు.

1064కు ఫోన్ చేస్తే మీ జిల్లా ఏసీబీ యూనిట్ వాళ్లు మాట్లాడతారు. రాతపూర్వక ఫిర్యాదు తీసుకుని, నిజంగా డిమాండ్ ఉందో లేదో ముందు వాళ్లే నిర్ధారించుకుంటారు. వల పన్నే రోజున మీరు తెచ్చిన నోట్ల నంబర్లు రాసుకుని వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. వేరే శాఖకు చెందిన ఇద్దరు ప్రభుత్వ ఉద్యోగులు మధ్యవర్తులుగా ఉండి మొదటి నుంచి చివరి దాకా చూస్తారు. డబ్బు తీసుకున్న చేతిని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి. పత్రికల్లో మీరు చూసే ఫొటో అదే.

కేసు నిలబడేది ఆ రంగు ఒక్కదాని మీదే కాదు. రేషన్ డీలరు దగ్గర మండల రెవెన్యూ అధికారి లంచం అడిగాడన్న మన రాష్ట్రపు కేసులోనే, 2014లో సుప్రీంకోర్టు, డబ్బు దొరికినంత మాత్రాన చాలదు, అడిగినట్టు రుజువు కావాలి అని నిర్దోషిగా వదిలేసింది. అక్కడ ఫిర్యాదుదారు కోర్టులో మాట మార్చాడు. తర్వాత 2022 డిసెంబరులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా ఇతర సాక్ష్యాలతో డిమాండ్‌ను రుజువు చేయవచ్చని స్పష్టం చేసింది. మీ వరకు దీని అర్థం ఏమిటంటే, ఎవరు, ఎప్పుడు, ఎంత, ఏ పనికి అడిగారో ఆ రోజే డైరీలో రాసుకోండి. డబ్బు మాట ఆయన నోటి నుంచి రావాలి, మీరు తొందరపడి "ఎంత ఇమ్మంటారు?" అని మొదలుపెట్టొద్దు. కోర్టుకు పిలిచిన రోజున వెళ్లి చెప్పే ఉద్దేశం ఉంటేనే ఫిర్యాదు చేయండి. మధ్యలో ఊరి పెద్దలొస్తారు, కులపోళ్లొస్తారు, "పాపం, పిల్లలున్నవాడు" అంటారు. ఆ ఒత్తిడికి లొంగి మాట మార్చినవాళ్ల వల్లే ఎన్నో కేసులు పోయాయి.

పని ఆగిపోతుందా అంటే, నేను చూసినంతలో ఆగదు. ట్రాప్ జరిగిన ఆఫీసులో ఆ ఫైలును ఎవరూ తొక్కిపెట్టలేరు. దాని మీద ఏసీబీ కన్ను, కలెక్టరు కన్ను రెండూ ఉంటాయి. కొత్తగా వచ్చిన తహసీల్దారు మొదట తేల్చేది దాన్నే. కాకపోతే ఆ తర్వాత ఇంకో పని మీద వెళ్లినప్పుడు సిబ్బంది ముభావంగా ఉంటారు. అది భరించాలి.

అందరూ ఇంతేనా అన్నారు. కాదు. కానీ ఎందుకిలా అవుతుందో బయటివాళ్లకు తెలియని ఒక సంగతి చెప్పాలి. మండలానికి మంత్రిగారు వస్తే, పెద్ద అధికారి వస్తే షామియానా, భోజనాలు, కార్లు, శాలువాలు, బొకేలు అన్నీ తహసీల్దారు చూసుకోవాలి. దీన్ని ప్రోటోకాల్ అంటారు. ఇందుకు వచ్చే నిధులు ఖర్చుకు ఏ మూలకూ చాలవు, కొన్నిసార్లు అసలే రావు. తహసీల్దారు ఆర్‌ఐకి చెబుతాడు, ఆర్‌ఐ వీఆర్వోలకు పంచుతాడు, వీఆర్వో మీ దగ్గరకు వస్తాడు. ఈ బరువు మోస్తూ చేయి చాచకుండా, జీతంలోంచి పెట్టుకుని అప్పులపాలైన వాళ్లు నాకు తెలుసు. ఇదే సాకుగా పది వసూలు చేసి తొమ్మిది ఇంటికి పట్టుకుపోయిన వాళ్లూ తెలుసు. రెండో రకం వాళ్లను నేను ఏ మాత్రం సమర్థించను. కానీ పైవాడు తిన్న భోజనానికి బిల్లు ఎవరు కట్టారో అడగకుండా కింది గుమాస్తాను మాత్రం పట్టుకుంటే చెట్టు అలాగే ఉండి ఆకులు రాలతాయి. కోరిన చోట పోస్టింగు కోసం ఎమ్మెల్యే లెటరు పట్టుకుని తిరిగే పద్ధతి పోనంత కాలం, వచ్చినవాడు పెట్టిన ఖర్చు రాబట్టుకోవడమే చూస్తాడు.

ప్రజల డబ్బుతో ఊరేగే పిచ్చి కూడా దీని నుంచి వేరు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకు అధికార పార్టీ రంగులు వేస్తే హైకోర్టు తీసేయమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2020 జూన్‌లో అక్కడా ఓడింది. వేయడానికీ తీయడానికీ అయిన ఖర్చంతా మనదే. ఆ తర్వాత రీసర్వేలో పాతిన హద్దురాళ్ల మీద, మనిషి సొంత పొలం పాసు పుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక రాజముద్రతో కొత్త పుస్తకాలన్నారు. నాకు ఏ పార్టీతోనూ పని లేదు. ఇంకో పార్టీ ఇంకో రకంగా అదే పని చేస్తుంది. తాతముత్తాతల నుంచి వచ్చిన భూమి పత్రం మీద పాలకుడి బొమ్మ ఎందుకుండాలి? అది మీకు ఆయన దానమిచ్చినట్టు కనబడాలనే. పైన ఆ భావం ఉంటే, కింద మీ మ్యుటేషన్ కూడా మీ హక్కుగా కాక వీఆర్వో చేసే మేలుగా మారుతుంది.

ఇంకో వైపు కూడా చూశాను. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగాయి. ఊరి చదువుకున్న పిల్లలే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ తిరిగి, చివరికి మండల కేంద్రంలో షామియానా వేసి అందరి ముందు చదివేవారు. చనిపోయినవాళ్ల పేరు మీద కూలి పడిందని ఒక ముసలామె మైకులో చెబుతుంటే, అంతవరకు "అంతా సక్రమమే" అన్న ఉద్యోగి తల వంచుకోవడం చూశాను. అక్కడికక్కడే డబ్బు తిరిగి కట్టినవాళ్లున్నారు. కాగితం గదిలో ఉన్నంతసేపే ఆయన బలం.

మీ ఉత్తరంలో చివరి వాక్యం, "ఒక్కోసారి ఆఫీసు తగలబెట్టాలనిపిస్తుంది" అన్నది నన్ను భయపెట్టింది. 2019 నవంబరులో హైదరాబాద్ పక్కన అబ్దుల్లాపూర్‌మెట్‌లో నిజంగానే ఒక మనిషి తహసీల్దారు గదిలోకి వెళ్లి ఆమె మీద పెట్రోలు పోసి నిప్పంటించాడు. ఆమె అక్కడే చనిపోయారు. కాపాడబోయిన డ్రైవరు చనిపోయాడు. నిప్పు పెట్టిన మనిషీ బతకలేదు. ఆ తర్వాత కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు బల్లకు, జనానికి మధ్య తాడు కట్టారు. మూడు కుటుంబాలు బూడిదయ్యాయి, ఎవరి పొలం సమస్యా తీరలేదు, ఆఫీసుకూ మనిషికీ మధ్య దూరం ఇంకాస్త పెరిగింది. కోపంలో అన్న మాటే అని నాకు తెలుసు. అయినా ఆ మాట ఎక్కడా అనకండి, రాయకండి. మీ న్యాయమైన ఫిర్యాదును పక్కన పడేసి, మీ మీదే కేసు పెట్టడానికి అదొక్కటి చాలు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తాను. ఈ వారంలో అక్కచెల్లెళ్ల విషయం తేల్చుకుని, ఉంటే వాళ్ల వాటాలు గానీ, వాళ్లు ఇష్టపూర్వకంగా వదులుకుంటే రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం గానీ జతచేయండి. తహసీల్దారుకు ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఆ బ్రోకరు మళ్లీ ఫోన్ చేస్తే అవుననొద్దు, కాదనొద్దు. ఎవరి తరఫున అడుగుతున్నాడో చెప్పనివ్వండి. అధికారి పేరు చెప్పి డబ్బు అడిగితే అదే రోజు 1064కు చెప్పండి. ఎండార్స్‌మెంట్ వస్తే అందులో ఏం రాశారో అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ పెట్టండి. అప్పీలు ఎలా రాయాలో నేను చూసి చెప్తాను.